పోయిన వస్తువుల కిటికీ

ఆదివారం పదకొండింటికి తాత చేసిన చివరి స్కిట్టు రికార్డింగుని ఆయన ఇంట్లోనే వేసి చూపిస్తామని కామెడీ కార్యక్రమం డైరెక్టరు ఫోన్ చేసినప్పుడు అతుకులక్క పళ్ళు తోముకుంటోంది. "మీరు కూడా రావాలక్కా. మీరు పక్కనుంటేనే చూస్తానని తాత పట్టుబట్టాడు" అన్నాడతను. నోట్లో నురగ ఉండబట్టి బతికిపోయింది, లేకపోతే అక్కడికక్కడే ఏదో ఒక జవాబు చెప్పాల్సి వచ్చేది. "ఊఁ" అని పెట్టేసింది. ఆ తర్వాత కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయి, అద్దంలో తన మొహం తనే చూసుకుంటూ నిలబడింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ మొహం చూసి జనం నవ్వుతున్నారు. ఇప్పుడు దాన్ని చూస్తే ఆమెకే భయం వేసింది.

ఆ రికార్డింగులో నాలుగో నిమిషం దాటాక ఒక చోటుంది. అక్కడ తాతకి ఒంట్లో ఏదో అయిపోతోందని ఆమెకి తెలిసింది. తెలిసి కూడా ఆపలేదు. ఆపకపోగా ఇంకో జోకు వేసింది. ఈ సంగతి మూడో కంటికి తెలియదు. డైరెక్టరు ఆ ముక్కని ఇరవైసార్లు చూసి ఉంటాడు, ఎడిటరు అంతకంటే ఎక్కువే చూసి ఉంటాడు, వాళ్ళకేమీ కనిపించలేదు. నవ్వు ఎక్కడ మొదలైంది, ఎక్కడ తగ్గింది అన్నదే వాళ్ళ గొడవ. తాత అలా కాదు. స్టేజీ మీద ఆమె కనుబొమ్మ ఎంత లేచిందో చూసి తన మాట ఎప్పుడు వదలాలో తేల్చుకుని బతికిన మనిషి. ఆయన చూశాడంటే పట్టేస్తాడు.

అతుకులక్క పుట్టుకతో నటి కాదు. ఆ కామెడీ కార్యక్రమానికి బట్టలు కుట్టే గదిలో పనికి చేరింది. స్టూడియో వెనక, జనరేటరు పక్కన, గాలాడని గది. రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడల నిండా పోలీసు చొక్కాలు, డాక్టరు కోట్లు. తాత అప్పటికే అక్కడ పేరు మోసినవాడు. పిలుపుకి తాతే గాని, అప్పటికి వయసు ముప్ఫై నాలుగు. ఇరవై రెండేళ్ళప్పుడు ఒకసారి ముసలివేషం వేసి మెప్పించిన పాపానికి, ఆ తర్వాత ఎవరూ ఆయన్ని కుర్రవాడిగా చూడలేదు. తెల్లజుట్టు విగ్గు పెట్టీ పెట్టీ, చివరికి సొంత జుట్టు నెరిసినా ఎవరూ గమనించలేదు. ఆయన్ని తాతా అని పిలిచే అతుకులక్క ఆయన భార్యని మాత్రం వదినా అంటుంది. ఈ వరస ఏ లెక్కన కుదిరిందని ఎవరైనా అడిగితే, "మా చుట్టరికాలు కూడా స్క్రిప్టు రాసేవాళ్ళే రాశారండీ" అనేవాడు తాత.

ఆమె స్టేజీ ఎక్కడం కూడా ఒక ప్రమాదమే. ఒక స్కిట్టులో తాత కిందపడ్డ కర్ర తీసుకోబోయి వంగాడు, ప్యాంటు వెనక కుట్టు పర్రుమని విడిపోయింది. అది స్క్రిప్టులో లేదు. ఎదురుగా ఉన్న నటుడు గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఆ ప్యాంటు కుట్టింది తనే. సిగ్గో కోపమో తనకే తెలియకుండా ఆమె సూదీ దారం పుచ్చుకుని తెరపక్క నుంచి తిన్నగా వెలుతురులోకి నడిచింది. "కదలకండి! కొలత తీసేటప్పుడు పొట్ట లోపలికి పీల్చిందెవరు?" అని గదమాయించి, రెండొందల మంది ఎదుట ఆ చిరుగు కుట్టడం మొదలుపెట్టింది. తాత మాత్రం తక్కువ తిన్నాడా! "నెమ్మదిగా అమ్మా, గుడ్డ వెనక నేను కూడా ఉన్నాను" అన్నాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. పైవారం నుంచి ఆమె నటుల జాబితాలోకి ఎక్కింది. అతుకులక్క అన్న పేరు తాత పెట్టిందే. కన్నవాళ్ళు పెట్టిన పేరు రేషన్ కాగితాల్లో ఉండిపోయింది.

చేసే పని మాత్రం మారలేదంటుంది ఆమె. ఇదివరకు బట్టలకి అతుకు, ఇప్పుడు స్కిట్టుకి అతుకు. వారానికొక గంట కార్యక్రమం, అందులో ఆరు స్కిట్లు, చెక్కమెట్ల మీద కూర్చున్న నిజమైన ప్రేక్షకుల ముందు ఏకబిగిన తీసెయ్యాలి. ఒకసారి నవ్విన జోకుకి మనిషి రెండోసారి మనస్ఫూర్తిగా నవ్వడు, అందుకని మధ్యలో ఆపి మళ్ళీ తీసే అలవాటు అక్కడ లేదు. తలుపు ఊడినా, మీసం జారినా, ఎవరైనా మాట మర్చిపోయినా, ఉన్నదాన్ని ఉన్నట్టే ఆటలో కలిపేసుకోవాలి. అందులో ఆమెని మించినవాళ్ళు లేరు. స్టేజీ మీద మౌనం అంటే ఆమెకి ఒళ్ళు మండుతుంది. రెండు సెకన్ల ఖాళీ కనిపిస్తే చాలు, ఏదో ఒక మాటతో పూడ్చేస్తుంది. ఇంట్లో కూడా అంతే. భర్త ఒక వాక్యం మొదలుపెడితే దాన్ని పూర్తి చేసేది ఆమె. పాపం ఆయన పెళ్ళైనప్పటి నుంచి సగం సగం వాక్యాలతోనే కాపురం చేస్తున్నాడు.

ఆ బృందంలో ఒక కట్టుబాటు ఉంది. స్టేజీ మీద మాట గుర్తురాకపోతే కుడిచేత్తో కుడిచెవి పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్ళకి ఎదుటివాళ్ళు మాట అందించాలి. చెవి పట్టుకోకుండా స్క్రిప్టులో లేని పని ఏం చేసినా, అది కావాలని ఆడుతున్న ఆట కింద లెక్క. అప్పుడు ఎదుటివాళ్ళు కూడా ఆ ఆట అందుకుని తీరాలి. ఎందుకు, ఏమిటి అని మొహం పెట్టకూడదు. తాత, అతుకులక్క ఈ ఒక్క సంజ్ఞ మీద పంతొమ్మిదేళ్ళు నడిపారు. అది ఎన్నడూ వాళ్ళని మోసం చెయ్యలేదు.

ఆ రోజు స్కిట్టు పేరు 'పోయిన వస్తువుల కిటికీ'. రైల్వేస్టేషన్లో పోగొట్టుకున్న సామాను గురించి చెప్పుకునే చోటు. కిటికీ వెనక నీలం కోటు వేసుకుని, లావుపాటి రిజిస్టరు ముందు పెట్టుకుని అతుకులక్క. కిటికీ ముందుకి చంకలో ఖాళీ గొడుగు సంచీతో తాత.

"నా గొడుగు పోయిందమ్మా."

"ఎప్పుడు పోయింది?"

"వాన ఆగాక."

"మరి వానలో?"

"తడిశాను."

"గొడుగుండగా ఎందుకు తడిశారండీ?"

"కొత్తది తల్లీ! తడిస్తే పాడైపోదూ?"

మెట్ల మీద నవ్వు ఒక్కసారిగా లేచింది. అది తగ్గేదాకా ఆగి, ఆమె కలం తీసి, "ఏ రంగు?" అంది. దానికి తాత చెప్పాల్సిన మాట, "నల్లదే అనుకుని కొన్నాను, ఇంటికెళ్ళాక తెలిసింది, నల్లవి నా కళ్ళజోడు అద్దాలని." తాత అది అనలేదు. కాసేపు ఆమె వైపు చూసి, "నా గొడుగు పోయిందమ్మా" అన్నాడు మళ్ళీ.

ఆమె ఆయన కుడిచేతి వైపు చూసింది. ఆ చెయ్యి చెవి దగ్గరికి పోలేదు, కిటికీ గట్టు మీద అలాగే ఉంది. అంటే ఆట అన్నమాట. "ఇంకోటి కూడానా?" అంది చటుక్కున. హాలు గొల్లుమంది.

"నా గొడుగు పోయింది."

చెయ్యి గట్టు మీదే ఉంది. "మీరు గొడుగులు పోగొట్టుకుంటున్నారా, పంచిపెడుతున్నారా?" అంది. నవ్వు ఇందాకటికి రెండింతలైంది. పక్కనున్న కెమెరామనిషి భుజాలు అదరడం ఆమెకి కనిపించింది. ఎన్నో ఏళ్ళుగా అలవాటైన నవ్వు కాదది, పని మానేసి మనుషులు నవ్వే నవ్వు. తాత ఇవాళ మంచి ఊపుమీద ఉన్నాడనుకుంది.

అప్పుడు తాత ఆ చెయ్యి ఎత్తబోయాడు. భుజం కదిలింది, చెయ్యి లేవలేదు. చంకలోంచి గొడుగు సంచీ జారిపోయింది. నోటి కుడిమూల కిందికి వాలింది, అక్కడ సన్నగా తడి మెరిసింది. కిటికీకి ఇవతలున్న ఆమెకి తప్ప ఇంకెవరికీ ఆ మొహం ఎదురుగా లేదు. చూసింది. చెవి పట్టుకోవాలనే ఆ చెయ్యి ఇందాకటినుంచీ తంటాలు పడుతోందని, పట్టుకోలేకపోతోందని, ఇది ఆట కాదని ఆమెకి స్పష్టంగా తెలిసింది.

కాని మెట్ల మీద రెండొందల మంది ఊపిరి బిగబట్టి ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు. మూడో మాట నోటిదాకా వచ్చి ఉంది. అది ఎంత మంచి మాటో ఆమెకి తెలుసు. రిజిస్టరు పేజీ తిప్పి, ప్రేక్షకుల వైపు ఒకసారి చూసి, "గొడుగు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరెక్కడ తప్పిపోయారో చెప్పండి, రాసుకుంటాను" అంది.

ఆ కార్యక్రమం చరిత్రలో అంత నవ్వు ఎవరూ వినలేదు. జనం కాళ్ళతో చెక్కలు దడదడలాడించారు. వెనకవరసవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య తాత మెల్లగా కిటికీ గట్టు కిందికి జారిపోయాడు. దానికి కూడా నవ్వారు. అప్పుడు గాని ఆమె కిటికీ పక్కనున్న అట్టతలుపు తోసుకుని బయటికి పరిగెత్తలేదు. "ఆపండి! లైట్లు వెయ్యండి!" అని అరిచింది. ముందు వరసలో ఒకావిడ ఆ అరుపుకి కూడా నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మెదడులో రక్తనాళం మూసుకుపోయిందని, వేళకి తీసుకొచ్చారు కాబట్టి ప్రాణానికి గండం తప్పిందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. కుడిచెయ్యి, కుడికాలు, మాట తిరిగి రావడానికి నెలలు పడుతుందన్నాడు. అంతా రానూ వచ్చు, కొంతే రానూ వచ్చు. ఇక ఆ రోజు నుంచి అతుకులక్కకి పొగడ్తల శిక్ష మొదలైంది. నువ్వు వెంటనే గుర్తుపట్టావు కాబట్టి సరిపోయిందన్నవాళ్ళే అంతా. వార్డు బయట బెంచీ మీద వదిన ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు అక్కడ ఉండబట్టి గాని, ఇంకెవరైనా అయితే ఆయన నాకు దక్కేవాడు కాదే" అని ఏడ్చింది. ఆ చేతులు విడిపించుకుని చెప్పెయ్యాలనుకుంది. చెప్పలేకపోయింది. అబద్ధం ఒక్కటి కూడా ఆడకుండానే పచ్చి అబద్ధాలకోరు అయిపోయానని ఆమెకి ఆ రోజే అర్థమైంది.

పదకొండో రోజున తాతకి మొదటి మాట వచ్చింది. మంచం చుట్టూ అందరూ ఉన్నారు. భార్య పేరు పిలుస్తాడేమో, మంచినీళ్ళు అడుగుతాడేమో అనుకున్నారు. తాత ఎడమచేత్తో అతుకులక్క కొంగు అంచు పట్టుకుని, అరనిమిషం తన్నుకుని, "నవ్వారా?" అన్నాడు.

"నవ్వారు తాతా. ఎప్పుడూ లేనంత నవ్వారు" అంది. ఆ మొహంలో సగం వెలిగింది. అప్పటినుంచి ఆయనకి అదే ధ్యాస. ఆ స్కిట్టు చూడాలి. చానెల్ వాళ్ళకి కూడా కావలసింది అదే. త్వరలో వచ్చే వెయ్యో ఎపిసోడ్లో దాన్ని నివాళిగా వేస్తామన్నారు. మనిషి బతికుండగా నివాళేమిటని ఎవరూ అడగలేదు. ఆయన కిందికి జారకముందే, చప్పట్ల దగ్గర కోసేస్తారట. దానికి ఒప్పుకుంటూ సంతకం చెయ్యాల్సింది తాత.

శనివారం సాయంత్రం ఆమె భర్తతో చెప్పబోయింది. ఆయన చొక్కాకి బొత్తాం కుట్టుకుంటున్నాడు. ఇంట్లో కుట్టుపని ఆయనదే, ఆమె సూది ముట్టి ఏళ్ళైంది. "ఆ రోజు నాకు కొంచెం ముందే..." అని మొదలుపెట్టింది.

"తెలిసుండాల్సింది అంటావు, అంతేగా? నువ్వేమైనా డాక్టరువా? ఊరికే మనసు పాడుచేసుకోకు" అన్నాడాయన. జీవితంలో మొదటిసారి ఆమె వాక్యాన్ని ఆయన పూర్తి చేశాడు, అదీ తప్పుగా. ఆమె సరిదిద్దలేదు.

ఆదివారం తాత ఇంటి ముందుగది కడిగినట్టు శుభ్రంగా ఉంది. నడక నేర్చుకోవడానికి గోడవెంట బిగించిన కొత్త కడ్డీ, కిటికీ దగ్గర చేతుల కుర్చీ, దాని పక్కన కావాలని వేసిన ఇంకో కుర్చీ. అది తనకే. డైరెక్టరు ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలిస్తున్నాడు. తాత గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్ళిచూపులకి కూర్చున్నవాడిలా ఉన్నాడు. ఎడమచేత్తో కుర్చీ మీద తట్టి, "కూ..." అన్నాడు.

"కూర్చుంటున్నాను, కూర్చుంటున్నాను" అంది ఆమె. వదిన వంటగదిలోంచి టీ పట్టుకొచ్చింది. అతుకులక్క కప్పు తీసుకుని, తాగకుండానే కింద పెట్టేసింది.

బొమ్మ మొదలైంది. నీలం కోటు, రిజిస్టరు, గొడుగు సంచీ. 'తడిస్తే పాడైపోదూ' దగ్గర టీవీలో జనంతో పాటు వదిన కూడా నవ్వింది. తాత నవ్వలేదు. కళ్ళు చికిలించి చూస్తున్నాడు. పనివాడు పని చూసుకునే చూపది. అదే మాట మొదటిసారి తిరిగొచ్చింది. 'ఇంకోటి కూడానా?' తాత ఆమె మోచేతి మీద మెల్లగా తట్టాడు, బాగుందన్నట్టు. రెండోసారి. 'పంచిపెడుతున్నారా?' మళ్ళీ తట్టాడు. అతుకులక్క టీవీ వైపు చూడలేక గోడమీది కడ్డీ వైపు చూసింది. కడ్డీకి ఆరు మరలున్నాయి. ఆరూ లెక్కపెట్టింది.

తెరమీద తన మొహం పెద్దదై వచ్చిందని చూడకుండానే తెలిసింది, ఎందుకంటే టీవీలో జనం నవ్వు ఆగింది. ఆ తర్వాత మూడో మాట. ఆ తర్వాత హోరు, చెక్కల దడదడ, చప్పట్లు. డైరెక్టరు సంబరంగా, "చూశారా తాతగారూ! ఇరవై రెండు సెకన్ల నవ్వు. చరిత్రండీ ఇది" అన్నాడు.

తాత ఎడమచెయ్యి ఎత్తి వేలితో వెనక్కి తిప్పమన్నట్టు చూపించాడు. తిప్పారు. మళ్ళీ చూశాడు. ఇంకోసారి వెనక్కి. ఈసారి వేలు గాల్లోనే ఆపి, "అ... అక్కడ" అన్నాడు. డైరెక్టరు బొమ్మ ఆపాడు. తెరమీద కిటికీ వెనక అతుకులక్క. ఆమె కళ్ళు తాత నోటిమూల మీద ఉన్నాయి. ఆ కళ్ళల్లో ఉన్నది నటన కాదని తెలుసుకోవడానికి పంతొమ్మిదేళ్ళు అక్కర్లేదేమో, కాని ఆ గదిలో తెలుసుకున్నది ఒక్కడే. తాత చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు. పక్కకి తిరిగి ఆమె వైపు మాత్రం చూడలేదు. అది చూసి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది.

"సంతకం చేసేద్దామా అండీ? ఎడమచేత్తో గీత గీసినా చాలట" అన్నాడు డైరెక్టరు.

"వద్దు" అన్నాడు తాత.

వదిన ఆశ్చర్యపోయింది. "అదేంటి? నెలరోజులుగా దీనికోసమేగా కలవరించారు!"

తాత నోరు తెరిచాడు. మాట కోసం వెతుక్కుంటుంటే మెడలో నరాలు తేలాయి. "నేను... బా... బాగా... చెయ్యలేదు."

"మీరు బాగా చెయ్యకపోవడమేంటండీ!" అన్నాడు డైరెక్టరు.

"నా... తప్పు. వద్దు."

తన జన్మలో అంత గొప్ప నవ్వు మళ్ళీ రాదని తాతకి తెలుసు. దాన్ని ఎందుకు వదిలేసుకుంటున్నాడో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఇక ఆమె నోరు మూసుకుంటే చాలు, రికార్డింగు పెట్టెలో పడిపోతుంది, బతికినంతకాలం ఎవరూ ఆ చోటు చూడరు. అంత సుఖంగా తప్పించుకునే దారి ఎవరికీ దొరకదు.

"ఆయన తప్పు కాదు" అంది. "నేను చూశాను వదినా. ఆయన మూతి వంకరపోవడం చూశాను. చెయ్యి లేవకపోవడం చూశాను. ఇది ఆట కాదని తెలిసింది. తెలిసే ఆ మాట అన్నాను."

ల్యాప్‌టాప్ పంకా తిరుగుతూనే ఉంది. తాత కళ్ళు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతిమీద ఎడమ పిడికిలితో కొట్టాడు. చెప్పేసి ఎంత పని చేశావన్న కోపం అది. డైరెక్టరు తీగలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ నిమిషంలో అతనికి ఆ తీగలే దేవుళ్ళు.

"ఎంతసేపు?" అంది వదిన.

"ఏమిటి?"

"చూసినప్పటినుంచి నువ్వు లేచి పరిగెత్తేదాకా. ఎంతసేపు?"

అది ఆమెకి తెలియకపోవడమేం, అదే ఆమె చదువు. "నా మాటకి ఆరు. నవ్వుకి ఇరవై రెండు. తర్వాత ఇంకో ఏడు. ముప్ఫై అయిదు సెకన్లు."

వదిన టీ కప్పులన్నీ ఒక్కొక్కటే ట్రేలో పెట్టుకుంది. తాగినవీ తాగనివీ కలిపి. "అరనిమిషంతో ఆయన చెయ్యి పోలేదని డాక్టరు అంటాడేమో. అననీ. నా బాధ దానికి కాదు. ఆయన నిన్ను నమ్మి అక్కడ నిలబడ్డాడు. నేను కూడా ఆస్పత్రిలో నీ చేతులు పట్టుకుని ఏడ్చాను. అప్పుడైనా చెప్పలేకపోయావా?" అంది.

"భయమేసింది వదినా."

"క్షమించానని నా నోట రాదు. వస్తుందని ఆశ పెట్టుకోకు." ట్రే ఎత్తుకుని వంటగది గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "వారానికి మూడు రోజులు ఆయనకి మాటలు నేర్పే క్లినిక్కు. నాకింక స్కూల్లో సెలవుల్లేవు. రేపు పదింటికి నువ్వు తీసుకెళ్ళు. ఎల్లుండి కాదు, ఆ పైరోజు కూడా. నేను వద్దనేదాకా."

"అలాగే" అంది అతుకులక్క. ఆమె ఇంటికి బయలుదేరేదాకా తాత కళ్ళు తెరవలేదు.

మర్నాడు ట్యాక్సీలో ఇద్దరూ రెండు కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు. పంతొమ్మిదేళ్ళలో వాళ్ళ మధ్య అంత మౌనం ఎన్నడూ లేదు. దాన్ని పూడ్చడానికి పదిసార్లు మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. క్లినిక్కులో మాటలు నేర్పే డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గాని మహా గట్టిపిండం. బల్ల మీద బొమ్మల కార్డులు పరుస్తూ అతుకులక్కతో, "మీరు టీవీలో చేసినట్టు చెయ్యకూడదండీ ఇక్కడ. ఆయన మాట కోసం వెతుక్కుంటుంటే మీరు అందించకండి. ఎంతసేపైనా సరే. మీరు అందిస్తే ఆయన వెతకడం మానేస్తారు" అంది.

మొదటి కార్డు మీద కత్తెర. తాత దాని వైపు చూశాడు. పెదాలు కదిలాయి, గాలి వచ్చింది, మాట రాలేదు. అతుకులక్క కుర్చీ అంచు పట్టుకుంది. కత్తెర, కత్తెర, కత్తెర అని లోపల గోల పెడుతోంది. నిమిషం దాటింది. తాత నుదుటిమీద చెమట పుట్టింది. ఆమె పెదవి పంటికింద నొక్కిపెట్టి, నేలవైపు చూసింది. "కత్... తెర" అన్నాడు తాత చివరికి. ఇలా తాళంచెవి, తలుపు, చెప్పు. ముప్పావు గంటకి ఏడు మాటలు. కుట్టుగదిలో రాత్రింబవళ్ళు పనిచేసిన రోజున కూడా ఆమె అంత అలిసిపోలేదు.

డాక్టరమ్మ కార్డులు సర్దుకుని, "చివర్లో మీ అంతట మీరు ఒక వాక్యం చెప్పండి. మీకు తోచింది. ఎవరితోనైనా" అంది.

తాత కుర్చీలో కష్టపడి పక్కకి తిరిగాడు. నిన్నటినుంచి మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. ఇక తిట్టు పడుతుందనుకుని ఆమె సిద్ధపడింది. తిట్టు పడితే బాగుండునని కూడా ఉంది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. మెడ నరాలు తేలాయి. ఆమెకి ఆ మాట ఏమిటో తెలియదు కాబట్టి అందించడానికి కూడా వీల్లేదు, ఊరికే ఎదురుచూడాలి. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగి రెండో చుట్టులో పడింది.

"మూడో... మాట" అన్నాడు. ఆగాడు. మళ్ళీ వెతికాడు. ఆమె కదల్లేదు.

"...బాగుంది."

అతుకులక్క రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తాత ఆమెని ఓదార్చలేదు, తల కూడా తిప్పుకోలేదు. మధ్యలో ఆగాడు కాబట్టి డాక్టరమ్మ పుస్తకంలో 'రెండు వాక్యాలు' అని రాసుకుంటుంటే, ఎడమచెయ్యి అడ్డంగా ఆడించి, ఒకటే అని వేలు చూపించాడు.